తాగుడు గుట్టు తెలుసుకోవడానికి సన్యాసినుల మెదళ్ళెందుకు?

పెన్నాతీరం
అందరికీ నమస్కారం. ఎంఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. వచ్చే వారం జర్నల్ క్లబ్‌లో (ఒక పరిశోధన పేపర్ని అందరి ముందు వివరించి చర్చించే క్లాసు) నా వంతు. తాగుడు సమస్యకి కారణమయ్యే జన్యు తేడాలు మెదడులోని ప్రోటీన్ల మోతాదుని ఎలా మారుస్తాయన్నది అంశం. పద్ధతి పైపైన అర్థమైంది. లక్షల మంది డీఎన్ఏ చూసి తాగుడుతో ముడిపడ్డ చోట్లు గుర్తిస్తారు. ఇంకోవైపు, చనిపోయినవాళ్ళ మెదళ్ళలో ప్రోటీన్లు కొలిచిన పట్టిక ఒకటి ఉంటుంది. ఈ రెంటినీ జతచేస్తారు.

నాకు మింగుడుపడనిది ఒకటే. ఆ పట్టికలోని మెదళ్ళలో చాలావరకు షికాగోలోని రష్ యూనివర్సిటీ అధ్యయనాలవి. వాటిలో ఒక అధ్యయనంలో ఉన్నవాళ్ళంతా క్యాథలిక్ సన్యాసినులు, ఫాదర్లు, బ్రదర్లు. తాగుడు గురించి తెలుసుకోవడానికి వాళ్ళ మెదళ్ళెందుకు? తాగేవాళ్ళ మెదళ్ళు కొన్ని, తాగనివాళ్ళవి కొన్ని పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోదా? మా సార్‌ని అడిగితే "మెథడ్స్ చదువు" అన్నారు. చదివాను, టెన్షన్ ఇంకా పెరిగింది.

ఎల్బీనగర్_వేణు
ప్రార్థనలో ఇచ్చే ద్రాక్షారసం లెక్కలోకి వస్తుందేమో చూడండి 😀

మాస్‌స్పెక్_మాధవి
వేణు, నవ్వించావు గానీ ఆ అబ్బాయిది మంచి ప్రశ్న.

పెన్నాతీరం గారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు అందులోనే ఉంది. తాగేవాళ్ళ మెదళ్ళని నేరుగా చూసే పని కూడా జరుగుతోంది. సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ బ్రెయిన్ టిష్యూ రిసోర్స్ సెంటర్ ఉంది. తాగుడు మీద పనిచేసే ల్యాబులు చాలా దేశాల నుంచి అక్కడి కణజాలం తెప్పించుకుంటాయి. చిక్కెక్కడంటే, పాతికేళ్ళు తాగి పోయిన మనిషి మెదడులో ఒక ప్రోటీన్ తక్కువగా కనిపించిందనుకోండి. అది పుట్టుకతోనే తక్కువగా ఉండి ఆయన్ని మందు వైపు తోసిందా, లేక తాగీ తాగీ తగ్గిందా? ఆయన సిగరెట్లు కూడా కాల్చి ఉంటాడు. లివర్ చెడి ఉంటుంది. సరిగ్గా తినక థయమిన్ అడుగంటి ఉంటుంది. చివరి రోజుల్లో ఆస్పత్రిలో ఏవేవో మందులు ఎక్కించి ఉంటారు. పైగా ప్రాణం పోయాక మెదడు ఫ్రీజర్‌లోకి చేరేసరికి ఎన్ని గంటలు పట్టిందన్నదాన్ని బట్టి కూడా ప్రోటీన్లు కొలిచే నా మాస్ స్పెక్ట్రోమీటర్ మెషీన్‌లో అంకెలు మారతాయి.

ఇంకో సంగతి. ఆల్కహాల్ మెదడుని శాంతపరిచే గాబా-ఏ రిసెప్టర్ల (రిసెప్టర్లంటే కణాల మీద రసాయన సంకేతాలు అందుకునే ప్రోటీన్లు) పనిని పెంచుతుంది, ఉత్తేజపరిచే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల పనిని అణిచేస్తుంది. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఊరుకోదు, తన రిసెప్టర్లని అటూ ఇటూ సర్దుకుంటుంది. అంటే తాగేవాళ్ళ మెదడులో కనిపించే తేడాల్లో పెద్ద భాగం తాగుడు తెచ్చిపెట్టినదే అయ్యుండొచ్చు.

డీఎన్ఏకి ఈ గొడవ లేదు. తల్లి కడుపులో పడ్డప్పుడు ఒక చోట ఏ అక్షరం వచ్చిందో తొంభై ఏళ్ళ వయసులోనూ అదే. క్వార్టర్ తాగినా ఫుల్ తాగినా ఆ అక్షరం మారదు. కాబట్టి "ఇక్కడ ఫలానా అక్షరం ఉన్నవాళ్ళ మెదడులో ఫలానా ప్రోటీన్ ఇంత ఎక్కువ" అన్న సూత్రం నేర్చుకోవడానికి తాగేవాళ్ళే కావాలని లేదు. నిజానికి తాగుడు వల్ల చెదరని మెదళ్ళలోనే ఆ సూత్రం శుభ్రంగా కనిపిస్తుంది. అలా నేర్చుకున్నదాన్ని తీసుకెళ్ళి, మెదడు ఎన్నడూ చూడని లక్షల మంది డీఎన్ఏకి అన్వయిస్తారు. సమస్యగా తాగేవాళ్ళలో ఆ ప్రోటీన్ పెంచే అక్షరాలు ఎక్కువున్నాయా, తగ్గించేవి ఎక్కువున్నాయా అని చూస్తారు.

ఇక సన్యాసినులే ఎందుకంటే, వాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టి! 1994లో మొదలైన ఆ అధ్యయనం అసలు అల్జైమర్స్ కోసం. ఏటా పరీక్షలు చేయించుకుంటామని, పోయాక మెదడు ఇస్తామని వాళ్ళు ముందే సంతకం చేశారు. తర్వాత 1997లో షికాగో చుట్టుపక్కల మామూలు రిటైర్డ్ జనంతో ఇంకో అధ్యయనం చేర్చారు. మీ పట్టికలో రెండూ కలిసి ఉంటాయి.

పెన్నాతీరం
మేడమ్, చాలా థ్యాంక్స్. ఇంకొక్కటి. జన్యు తేడా వల్ల ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) ఎంత మారుతుందన్న డేటా ఇప్పటికే బోలెడు ఉంది. అది కొలవడం తేలిక, చవక కూడా. ప్రోటీన్ దాకా వెళ్ళడం అవసరమా?

మాస్‌స్పెక్_మాధవి
టిఫిన్ సెంటర్లో ఆర్డర్ చీటీలు లెక్కపెడితే ఎన్ని దోసెలు టేబుల్ మీదకొచ్చాయో తెలుస్తుందా? కొన్ని మాడిపోతాయి, కొన్ని పార్సిల్ వెళ్ళిపోతాయి. ఎంఆర్‌ఎన్‌ఏ చీటీ లాంటిది. దానికీ ప్రోటీన్‌కీ పొంతన ఒక మోస్తరుగానే ఉంటుంది.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ మెదడులోది కాదు, లివర్‌ది. అయినా తాగుడుతో నేరుగా సంబంధం ఉంది. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో 148వ అమైనో ఆమ్లం ఐసోల్యూసిన్‌కి బదులు మెథియోనిన్ అయితే, తాగేవాళ్ళలో సిర్రోసిస్ ముప్పు బాగా పెరుగుతుంది. ఆ ఒక్క మార్పుతో ఎంఆర్‌ఎన్‌ఏ పెరగదు. కానీ పాతబడ్డ ప్రోటీన్‌ని పారేసే యుబిక్విటిన్ యంత్రాంగం దీన్ని సరిగా పట్టుకోలేదు. దాంతో అది కణంలోని కొవ్వు బిందువుల మీద పేరుకుపోతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రమే చూస్తే ఇక్కడ ఏమీ లేదని రాసుకుని ముందుకెళ్ళిపోతాం.

దీనికి తలకిందులుగా, ఒంట్లో ఆల్కహాల్‌ని విరగ్గొట్టడంలో పాలుపంచుకునే ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ సంగతి. దీని మార్పుచెందిన రూపం పనిచేయకపోవడమే కాదు, త్వరగా విరిగిపోతుంది కూడా. ఆ ఎంజైమ్ నాలుగు ముక్కలు కలిస్తే తయారవుతుంది. వాటిలో ఒక చెడ్డ ముక్క చేరినా మొత్తం కుంటుపడుతుంది. అందుకే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వచ్చినా ప్రభావం సగంతో ఆగదు.

ఎల్బీనగర్_వేణు
ఇదేనా ముఖం ఎర్రబడే జన్యువు? మా ప్రాజెక్టులో కొరియా మేనేజర్ ఉన్నాడు. సగం బీరుకే టమాటా అయిపోతాడు. మనవాళ్ళు మాత్రం ఫుల్ లాగించి కూడా "నాకేం కాలేదు మామా" అంటారు.

డా.విజయ_సైకియాట్రీ
అదేనండి. తూర్పు ఆసియాలో మామూలుగా కనిపించే మార్పు, మన దగ్గర చాలా అరుదు. ఆల్కహాల్ ముందు అసిటాల్డిహైడ్ అవుతుంది. దాన్ని అసిటేట్‌గా మార్చే ఎంజైమ్ ఏఎల్‌డీహెచ్2. అది నడవకపోతే అసిటాల్డిహైడ్ ఒంట్లో నిలిచి ముఖం ఎర్రబడడం, గుండె దడ, వాంతి. ఆ బాధ వల్లే వాళ్ళలో చాలామంది తాగుడు జోలికి పోరు. మేం ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర కూడా ఇదే ఎంజైమ్‌ని ఆపుతుంది. మాత్ర వేసుకుని తాగితే మీ మేనేజర్ పడే బాధే పదింతలు పడాలి. అందుకే పేషెంట్‌కి చెప్పకుండా అన్నంలో కలిపి పెట్టే పని ఎవరూ చేయకండి, ప్రాణం మీదకొస్తుంది. భార్యలు, తల్లులు అలా చేసి తీసుకొచ్చిన కేసులు చూశాను.

ఇది ఒక్క లివర్ కథే అనుకునేవాళ్ళం. 2021లో ఎలుకల మీద వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, చిన్నమెదడులోని ఆస్ట్రోసైట్లలో (న్యూరాన్లకి తోడుగా ఉండే కణాలు) ఉండే ఏఎల్‌డీహెచ్2 అక్కడికక్కడే అసిటేట్ తయారుచేస్తుంది. అది మెదడుని శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని పెంచి నడక తూలేలా చేస్తుంది. అదే ఎంజైమ్ లివర్లో లేకపోతే ఒక ఫలితం, మెదడులో లేకపోతే ఇంకో ఫలితం. ప్రోటీన్‌ని ఏ అవయవంలో కొలిచారన్నది అంత ముఖ్యం.

గణాంకాల_గిరి
ఆలస్యంగా వచ్చాను. మాధవి గారు చెప్పింది పద్ధతి ఆశయం. పెన్నాతీరం, జర్నల్ క్లబ్‌లో నిన్ను ఇరికించే ప్రశ్నలు నేను చెబుతాను.

రష్ డేటాతో 2021లో అల్జైమర్స్ మీద చేసిన ప్రసిద్ధమైన విశ్లేషణలో 376 మంది మెదళ్ళున్నాయి. మెదడు ముందుభాగంలోని డార్సోలాటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఒక్కటే తీసుకున్నారు. 8,356 ప్రోటీన్లు లెక్కకొచ్చాయి. వాటిలో, జన్యువు పక్కనున్న తేడాలతో మోతాదుని అంచనా వేయగలిగేంత సంకేతం ఉన్నవి 1,475 మాత్రమే. మిగిలినవాటిని ఈ పద్ధతి పరీక్షించనే లేదు. కాబట్టి "నా జన్యువు జాబితాలో రాలేదు" అంటే దానికి సంబంధం లేదని కాదు.

రెండోది, ఇరుగుపొరుగు సమస్య. డీఎన్ఏలో దగ్గరగా ఉన్న తేడాలు తరతరాలుగా గుంపుగా వస్తాయి. తాగుడు సంకేతం ఒక తేడాది, ప్రోటీన్ సంకేతం పక్క తేడాది కావచ్చు. రెండూ కలిసి ప్రయాణిస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది. 17వ క్రోమోజోమ్‌లో ఎంఏపీటీ, సీఆర్‌హెచ్‌ఆర్1 అనే జన్యువులు ఉన్న చోటు చూడు. అక్కడ పెద్ద ముక్క తిరగబడి ఉండడంతో పదుల జన్యువులు ఒకే కట్టగా కదులుతాయి. ఒత్తిడి హార్మోన్ రిసెప్టర్ కాబట్టి సీఆర్‌హెచ్‌ఆర్1 మీద వేలు చూపించాలని అందరికీ ఆశ. ఆ కట్టలో అసలు నేరస్తుడెవరో పేరు చూసి చెప్పలేం. కోలొకలైజేషన్ పరీక్ష (రెండు సంకేతాలూ ఒకే తేడావా అని చూసేది) చేశారా లేదా అని తప్పకుండా చూడు. అది లేని పేపర్ని నేను సగమే నమ్ముతాను.

మూడోది మాధవి గారికే. అమైనో ఆమ్లాన్ని మార్చే తేడా ఉంటే మీ మెషీన్ మోసపోదా?

మాస్‌స్పెక్_మాధవి
పోతుంది గిరి గారూ, ఇది బయట పెద్దగా చెప్పుకోని సంగతి. మేం ప్రోటీన్‌ని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో పెప్టైడ్లనే చిన్న ముక్కలు చేసి, ఆ పెప్టైడ్ల బరువుని రిఫరెన్స్ పట్టికతో పోలుస్తాం. ఒక మనిషిలో ఆ పెప్టైడ్‌లో ఒక అమైనో ఆమ్లం మారి ఉంటే బరువు మారుతుంది, పట్టికలో దొరకదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ "తక్కువ ఉంది" అంటుంది. ప్రోటీన్ నిండా ఉన్నా సరే! జన్యు తేడా ప్రోటీన్‌ని తగ్గించిందని మనం చప్పట్లు కొడతాం. దీనికి విరుగుడు, తేడా ఉన్న పెప్టైడ్లని ముందే పక్కనపెట్టి మిగతావాటితో లెక్కగట్టడం. సప్లిమెంటరీ ఫైల్లో ఆ మాట ఉందో లేదో వెతకండి.

డల్లాస్_శ్రీను
నాదో ఇంటి సమస్య, క్షమించాలి. ఇక్కడ ఒక కంపెనీ వాళ్ళు ఉమ్మితో చేసే డీఎన్ఏ టెస్ట్ చేయించుకున్నాం. మా అబ్బాయి రిపోర్టులో "డోపమైన్ జన్యువు, ఆల్కహాల్ వ్యసనం ముప్పు ఎక్కువ" అని ఎర్ర రంగులో వచ్చింది. మా నాన్నగారు తాగుడుతోనే పోయారు. అబ్బాయి ఈ ఫాల్‌లో కాలేజీకి వెళ్తున్నాడు. మా ఆవిడ అప్పటినుంచి నిద్రపోవడం లేదు. వాడికి చెప్పాలా వద్దా?

డా.విజయ_సైకియాట్రీ
శ్రీను గారూ, ఆ ఎర్ర రంగుని చూసి భయపడకండి. దాని పుట్టుక చెబుతాను. 1990లో కెన్నెత్ బ్లమ్, ఎర్నెస్ట్ నోబుల్ బృందం 35 మంది మద్య వ్యసనపరుల మెదళ్ళు, 35 మంది ఇతరుల మెదళ్ళ నుంచి డీఎన్ఏ తీసి చూసింది. టాక్1ఏ అనే చోట ఏ1 రూపం వ్యసనపరుల్లో 69 శాతం మందికి, మిగతావాళ్ళలో 20 శాతం మందికి కనిపించింది. పత్రికలన్నీ "తాగుడు జన్యువు దొరికింది" అని రాశాయి. తర్వాత వేరేవాళ్ళు చేసిన అధ్యయనాల్లో ఆ తేడా ఒకసారి కనిపించింది, ఒకసారి మాయమైంది. 2004కల్లా తేలిందేమిటంటే, ఆ అక్షరం డోపమైన్ డీ2 రిసెప్టర్ జన్యువులోనే లేదు. పక్కింటి జన్యువు ఏఎన్‌కేకే1లో ఉంది.

లక్షల మందితో చేసిన అధ్యయనాలు ఇప్పుడున్నాయి. 2020లో 4,35,563 మంది డేటాతో 29 తేడాలు దొరికాయి. వాటిలో డీఆర్‌డీ2 (ఆ డోపమైన్ డీ2 రిసెప్టర్ జన్యువు) ప్రాంతం మళ్ళీ ఉంది. కానీ ఒక్కొక్కదాని బలం చాలా స్వల్పం. 2023లో పది లక్షలు దాటిన మందితో చేస్తే వందకి పైగా చోట్లు తేలాయి. ఇన్నిటిలో ఒక్క అక్షరం పట్టుకుని పద్దెనిమిదేళ్ళ కుర్రాడి నుదుటి రాత చెప్పడం జాతకం కంటే గొప్పది కాదు.

అబ్బాయికి చెప్పాల్సింది తాతగారి సంగతి. అది రిపోర్టు కంటే బలమైన సమాచారం. "మన ఇంట్లో ఇది ఉంది, నువ్వు మొదలుపెట్టకపోతే మంచిది, మొదలుపెడితే మాత్రం ఎంత తాగినా ఎక్కట్లేదు అనిపించినప్పుడు జాగ్రత్తపడు" అని చెప్పండి. ఎక్కకపోవడాన్ని కుర్రాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి అదే ముప్పు సూచన.

డల్లాస్_శ్రీను
చాలా సంతోషం మేడమ్. ఇంట్లో చదివి వినిపించాను. ఇంకొకటి, తాగుడు చికిత్సకి ఇచ్చే నాల్‌ట్రెక్సోన్ మందు ఎవరికి పనిచేస్తుందో జన్యు పరీక్షతో చెప్పొచ్చని ఎక్కడో చదివాను, నిజమా?

డా.విజయ_సైకియాట్రీ
ఆశ పుట్టి సన్నగిల్లిన కథ అది. నాల్‌ట్రెక్సోన్‌కి తాగుడు చికిత్స కోసం అమెరికాలో 1994లో అనుమతి వచ్చింది. అది మెదడులోని మ్యూ ఓపియాయిడ్ రిసెప్టర్‌ని కట్టేస్తుంది. ఆ రిసెప్టర్ జన్యువు ఓపీఆర్‌ఎం1లో ఒక మార్పు వల్ల చక్కెర గొలుసు అతుక్కునే చోటొకటి పోతుంది. చనిపోయినవాళ్ళ మెదళ్ళలో ఆ రూపం నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ తక్కువగా వస్తున్నట్టు 2005లో చూపించారు. ఆ మార్పు ఉన్నవాళ్ళకి మందు బాగా పనిచేస్తుందని తొలి విశ్లేషణలు చెప్పాయి. మన దేశంలో ఆ మార్పు చాలామందిలో ఉంటుంది కాబట్టి మేమూ ఉత్సాహపడ్డాం. తీరా జన్యురూపాన్ని ముందే చూసి, విడగొట్టి చేసిన ట్రయల్ 2015లో వస్తే తేడా తేలలేదు. కాబట్టి పరీక్ష అక్కర్లేదు, మందు మాత్రం వాడదగ్గదే.

నెల్లూరు_సుభాషిణి
బాబూ, మీ అక్షరాలు, ముక్కలు నాకు సగమే అర్థమయ్యాయి. నేను రిటైర్డ్ టీచర్ని. 1992లో మా జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ మధ్యలో మగవాళ్ళ జన్యువులేమైనా మారాయా? దుకాణం ఊళ్ళో ఉంటే తాగారు, దూరమైతే కొంతమందైనా ఆగారు. మీరు జన్యువు అనగానే తాగేవాడు "నా రాత ఇంతే" అని ఇంకో గ్లాసు పోసుకుంటాడని నా భయం.

గణాంకాల_గిరి
సుభాషిణి గారూ, మీరన్నది అక్షరాలా లెక్కల్లోనూ నిజం. కవలల మీద, దత్తత పిల్లల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మద్య వ్యసనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు సగం జన్యువులది. ఈ "సగం" ఒక మనిషి గురించి చెప్పేది కాదు, ఒక కాలంలో ఒక సమాజం గురించి చెప్పేది. మందే దొరకని ఊళ్ళో ఆ జన్యువులన్నీ నిద్రపోతుంటాయి. వీధికో షాపు తెరిస్తే అప్పుడు బయటపడతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎంత తాగుతారన్నదానికీ, తాగుడు ఎంత సమస్య అయిందన్నదానికీ జన్యువులు పూర్తిగా ఒకటి కావు. అమెరికా మాజీ సైనికుల డేటాతో 2019లో ఈ రెంటినీ విడగొట్టి చూశారు. కొన్ని చోట్లు రెంటికీ ఉమ్మడి, కొన్ని దేనికవే. వారానికి నాలుగు రోజులు డిన్నర్‌తో వైన్ తాగే ధనవంతుడు ఎంత తాగుతారని అడిగే ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులు తెచ్చుకుంటాడు, సమస్య మాత్రం ఉండకపోవచ్చు. పెన్నాతీరం, నీ పేపర్లో కొలిచింది ఏదో చూసుకో.

అతిథి_మెదక్
మా తమ్ముడు కల్లు తాగుతాడు. దుకాణం బంద్ పెట్టినప్పుడు రెండు దినాలకే చేతులు వణుకుడు, పిచ్చి మాటలు, ఫిట్స్ వచ్చినయి. మా బాపుకు గూడ ఇట్లనే అయ్యేది. ఇది మా ఇంటి రక్తంలో ఉన్నట్టేనా?

డా.విజయ_సైకియాట్రీ
అన్నా, ముందు ఇది చదువు. రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. మళ్ళీ అలా అయితే ఇంట్లో ఉంచొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపో. ఏం చేయాలో అడగడానికి 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. తాగుడు మాన్పించే చికిత్స వివరాలకి 14446 ఉంది.

రక్తం సంగతి తర్వాత. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఇవి కూడా మాధవి గారు పైన చెప్పిన గాబా-ఏ రిసెప్టర్ల మీదే పనిచేస్తాయి. ఆ మత్తుకి అలవాటుపడ్డ మెదడుకి అది ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్ రావడం వింత కాదు. మీ బాపుకి, తమ్ముడికి ఒకేలా అవడానికి ఇద్దరూ తాగిన కల్లు ఒకటే కావడం చాలు. జన్యువుల దాకా పోనక్కర్లేదు.

అతిథి_మెదక్
సరే మేడం. రేపే దవాఖానకు తీస్కపోత.

పెన్నాతీరం
ఇది చదివాక నా స్లైడ్లు చాలా చిన్నవనిపించాయి. చివరి ప్రశ్న. ఇదంతా యూరోపియన్ మూలాలవాళ్ళ డేటా. మన వాళ్ళ మెదళ్ళతో ఎవరైనా చేయొచ్చా?

మాస్‌స్పెక్_మాధవి
2023 నాటి ఆ పెద్ద అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళూ ఉన్నారు, కానీ గుప్పెడుమంది. మెదళ్ళ విషయానికొస్తే, బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి బ్రెయిన్ బ్యాంక్ ఉంది, దానం కూడా తీసుకుంటారు. కింగ్స్ కాలేజ్ లండన్‌తో కలిసి నిమ్హాన్స్ వాళ్ళు నడిపిన సీ-వేద అధ్యయనం ఇంకోటి. ఆరేళ్ళ నుంచి ఇరవై మూడేళ్ళ లోపు వాళ్ళని తీసుకుని వ్యసనాలకి దారితీసే కారణాలు చూస్తుంది. దాని కేంద్రాల్లో మన రిషి వ్యాలీ కూడా ఒకటి. కానీ రక్తం, స్కాన్ వేరు, మెదడు ముక్క వేరు. వందల మెదళ్ళు, వాటి డీఎన్ఏ, వాటి ప్రోటీన్లు మూడూ ఉన్న భారతీయ పట్టిక వచ్చేదాకా షికాగో సూత్రాలు మనకి ఎంతవరకు అతుకుతాయో ఎవరూ గట్టిగా చెప్పలేరు. తేడాల గుంపులు మనలో వేరేలా కట్టబడి ఉంటాయి, గిరి గారు చెప్పిన ఇరుగుపొరుగు లెక్క మొత్తం మారుతుంది.

గణాంకాల_గిరి
ఒకటి కలుపుతాను. 376 మెదళ్ళలో కొలిచింది కార్టెక్స్ ముక్క మొత్తాన్ని రుబ్బి. న్యూరాన్ ప్రోటీన్, ఆస్ట్రోసైట్ ప్రోటీన్ అన్నీ కలిసిపోతాయి. డాక్టర్ గారు చెప్పిన ఏఎల్‌డీహెచ్2 లాంటిది ఒక్క కణ రకంలోనే మారితే ఆ రుబ్బులో కనిపించకపోవచ్చు. పైగా మోజు, బహుమతి భావన నడిచే న్యూక్లియస్ అక్యుంబెన్స్, అమిగ్డాల అనే మెదడు భాగాలు ఆ పట్టికలో లేవు.

పెన్నాతీరం
అయితే ప్రోటీన్ జాబితా చేతికొచ్చాక దాన్ని నమ్మదగ్గదిగా చేసేది ఏమిటి?

మాస్‌స్పెక్_మాధవి
కేఎల్‌బీ కథ చూపించండి. 2016లో లక్షా ఐదు వేలకి పైగా మందిలో, ఎంత తాగుతారన్నదానితో కేఎల్‌బీ, అంటే బీటా-క్లోథో ప్రోటీన్ జన్యువు ముడిపడిందని తేలింది. అదే పేపర్లో అక్కడితో ఆగకుండా, ఎలుకల మెదడులో మాత్రమే ఆ ప్రోటీన్ లేకుండా చేశారు. అవి మామూలు ఎలుకలకంటే ఆల్కహాల్ సీసాని ఎక్కువ ఇష్టపడ్డాయి. లివర్ నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్21 హార్మోన్ మామూలు ఎలుకల్లో ఆ ఇష్టాన్ని తగ్గిస్తుంది, వీటిలో తగ్గించలేకపోయింది. అంటే లివర్ "ఇక చాలు" అని కబురు పంపితే అందుకునే ప్రోటీన్ మెదడులో ఇదన్నమాట. మీ పేపర్లోని ప్రతి పేరు పక్కనా ఒక గడి గీసి, ఇలాంటి ప్రయోగం జరిగిందా లేదా అని రాయండి. చాలా గడులు ఖాళీగా ఉంటాయి. ఆ స్లైడే చివర్లో పెట్టండి, మీ సార్ ప్రశ్నలు అడగడానికి వీల్లేకుండా పోతుంది.

మోడరేటర్
మెదక్ సభ్యుడికి వచ్చిన దుకాణాల చిరునామాలు, నాటు మందుల సలహాలు రెండు పోస్టులు తీసేశాం. మేనరికం, జన్యు వ్యాధుల గురించి వేణు అడిగిన ప్రశ్నని వేరే చర్చగా విడగొట్టాం. అక్కడ కొనసాగించండి.